ముందు వరస చీకట్లో ఎందుకు పడింది?

పోయిన వారం ఈ సిరీస్‌లో పెట్టిన గ్రూపు ఫోటో చూసి చాలామంది మిత్రులు ఒకటే అడిగారు. పైన నిలబడినవాళ్ళంతా స్పష్టంగా ఉన్నారు, కింద నేల మీద కూర్చున్న ముందు వరస మాత్రం చీకట్లో మునిగిపోయింది, ఎందుకని? కొందరు చెట్టు నీడ అన్నారు. కొందరు పాత కెమెరా దోషం అన్నారు. ఒకాయన మాత్రం "నల్లటి మనుషులు కదా సార్, అట్లాగే పడతారు" అని రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ కామెంట్ తీసెయ్యమని కొందరు మెసేజ్ చేశారు. నేను తీసెయ్యలేదు. దానికి జవాబు చెప్పాలి, ఆ జవాబు తిట్టు కాకూడదు. ఈ రోజు రాస్తున్నది ఆ జవాబే. కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఫోటో సంగతి. అది కారంచేడు తర్వాతి ఏడాది తీసింది. 1985 జులై 17న కారంచేడులో తాగే నీళ్ళ దగ్గర మొదలైన గొడవ ఆరుగురు మాదిగల హత్యల దాకా పోయింది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. కారంచేడు ఉండేది సముద్రం వైపు, మేముండేది నల్లమల వైపు. అయినా ఆ వార్త మా పల్లెలకు వచ్చాక మార్కాపురం, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో, మాల పల్లెల్లో రాత్రిళ్ళు మీటింగులు జరిగాయి. వాటిల్లో ఒకటి పగటిపూట, చింతచెట్టు కింద జరిగింది. దాన్ని మా చిన్నాయన ఫోటోలు తీశాడు. ముప్పై ఆరు ఫ్రేముల రీలు. దాంట్లో నాలుగు ముక్కలే మిగిలాయి, ఒక్కో ముక్కలో ఆరు ఫ్రేములు. బిస్కెట్ల రేకు డబ్బాలో, పత్తి విత్తనాల రసీదుల కింద దొరికాయి.

చిన్నాయన అప్పుడు మార్కాపురంలో ఒక స్టూడియోలో పనిచేసేవాడు. స్టూడియో పేరు రాయను. ఆయన పని చీకటి గదిలో. ఫిల్ములు కడగడం, ప్రింట్లు వెయ్యడం, ఆరబెట్టడం, అంచులు కత్తిరించడం. పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకుని పోయేది ఓనరు, ఓనరు బామ్మర్ది. చిన్నాయనకు పని రాక కాదు. పెళ్ళింట్లో పందిట్లోకి, పీటల దగ్గరికి, దేవుడి గదిలోకి పోవాల్సి ఉంటుంది, అందుకు. చీకటి గదిలో ఎవరు కడిగారో పెళ్ళివాళ్ళకు కనపడదు. పదమూడేళ్ళు ఆయన ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిళ్ళు కడిగాడు, ఒక్క పెళ్ళికీ పోలేదు.

తెలుగులో ఈ పనిని "కడగడం" అంటాం, గమనించారా? రీలు కడిగించాలి, ఫోటోలు కడిగిచ్చారా అనేవాళ్ళం. ఇంగ్లీషువాళ్ళు డెవలప్ అన్నారు. ఆ డెవలప్‌ను మనం "అభివృద్ధి" చేసి ఉపన్యాసాల్లో పెట్టుకున్నాం, స్టూడియోలో మాత్రం కడగడమే మిగిలింది. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర కాసేపు ఆగాను. కడగడం అనగానే మన దేశంలో అది ఎవరి పనో ముందే తేలిపోతుంది.

ఇప్పుడు సైన్సు. ఫిల్ము అంటే ఒక ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన జెలటిన్ పొర. ఆ జెలటిన్‌లో వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువును డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది. తగలనిది అలాగే ఉంటుంది. తర్వాత హైపోలో వేస్తే ఆ మిగిలిన లవణం కరిగి నీళ్ళలోకి పోతుంది. అందుకే నెగటివ్‌లో వెలుతురు ఎక్కువ పడిన చోటు నల్లగా, తక్కువ పడిన చోటు తేటగా ఉంటుంది. ప్రింటు వేస్తే తిరగబడుతుంది.

ఆ జెలటిన్ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా? పశువుల ఎముకల నుంచి, తోళ్ళ నుంచి. ఇప్పటికీ అంతే. 1920ల్లో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ ఒక సంగతి కనిపెట్టాడు. కొన్ని జెలటిన్లతో చేసిన ఫిల్ము వెలుతురును బాగా పట్టేది, కొన్నింటితో చేసింది పట్టేది కాదు. ఆవులు మేసిన ఆవ జాతి మొక్కల్లోని గంధకం జెలటిన్ దాకా వచ్చి ఆ పని చేస్తోందని ఆయన తేల్చాడు. అంటే ఆవు ఏం మేసింది అన్నది ఫోటోలో తేలుతుంది. ఈ దేశంలో చచ్చిన గొడ్డును ముట్టుకున్నందుకు మమ్మల్ని ఊరి బయట ఉంచారు. అదే గొడ్డు ఎముక కరిగి ఫిల్మై, పెళ్ళి ఆల్బమై, దేవుడి గదిలో గోడకెక్కింది. మా చిన్నాయన చెయ్యి పడితే మైల, ఆయన కడిగిన ఫోటోకు మాత్రం కుంకుమబొట్టు.

మా తాత తోళ్ళు ఊనేవాడు. లందలో తంగేడు చెక్క నీళ్ళు పోసి తోళ్ళు నానబెట్టేవాడు. చిన్నాయన చిన్నప్పుడు ఆ తోళ్ళను తిప్పే పని చేశాడు. తిప్పకుండా వదిలేస్తే తోలు మీద తోలు అతుక్కున్న చోట చెక్క నీళ్ళు ఎక్కవు, అక్కడ మచ్చ పడుతుంది. స్టూడియోలో ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు. "లందలో తోలెంతో ట్యాంకులో ఫిల్మూ అంతే రా, తిప్పాల, తడపాల, అతుక్కోనీకూడదు" అంటాడు. ఫిల్ము పొర కూడా తోలు నుంచే వచ్చిందని నేను చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. "వాసన తెలిసింది లే" అన్నాడు.

రెండేళ్ళుగా నేను ఇంట్లో నలుపు తెలుపు ఫిల్ము కడుగుతున్నాను. మా పల్లెల్లో పెద్దవాళ్ళను ఫోటోలు తియ్యాలనే పని పెట్టుకున్నాను కాబట్టి. ఫోన్లో తియ్యొచ్చు కదా అంటారు. తీస్తున్నాం. కానీ ఫోన్ మారినప్పుడల్లా ఫోటోలు పోవడం మనందరికీ తెలుసు. రేకు డబ్బాలో నలభై ఏళ్ళు ఉన్న నెగటివ్ నా చేతిలో ఉంది. అదీ కారణం.

ఇంట్లో కడిగేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య, ఫిల్ము అంతటా ఒకే తీరుగా డెవలప్ కాకపోవడం. చారలు, మచ్చలు, ఒక అంచు నల్లగా ఒక అంచు తేటగా. వీటికి కారణాలు వేరు వేరు. ప్రతి కారణమూ తన గుర్తు తాను వదిలిపోతుంది. ఆ గుర్తులు చదవడం నేర్చుకుంటే ఏం జరిగిందో చెప్పొచ్చు.

మొదటిది వేడి. మా మార్కాపురంలో మే నెలలో కుళాయి నీళ్ళు 34, 35 డిగ్రీలు ఉంటాయి. ఫిల్ము కంపెనీలు ఇచ్చే పట్టికలన్నీ 20 డిగ్రీలకు. నేను వాడే ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కు డీ-76 డెవలపర్ నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగేకొద్దీ టైము తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు కూడా ఉండదు. మూడు నిమిషాల పనిలో ట్యాంకు నిండడానికి పది సెకన్లు, ఖాళీ కావడానికి పది సెకన్లు పడితే, ముందు తడిసిన చోటుకూ చివర తడిసిన చోటుకూ తేడా కనపడుతుంది. అదే ఏడు నిమిషాల పనిలో ఆ పది సెకన్లు లెక్కలోకి రావు. అందుకే ఐదు నిమిషాల కంటే తక్కువ టైము పెట్టుకోవద్దని అనుభవజ్ఞులు చెబుతారు. ఇంగ్లండ్‌లో రాసిన పట్టికకు మార్కాపురం మే నెల తెలియదు. మనమే సర్దుకోవాలి. నేను చేసేది ఇది. కుండకు తడి గోనెపట్టా చుట్టి రాత్రంతా కిటికీలో పెడతాను. మా ఎండకు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి నీళ్ళు 25 దాకా దిగుతాయి. డెవలపర్‌లో సమానంగా నీళ్ళు కలిపితే టైము మళ్ళీ ఆరేడు నిమిషాలకు పెరుగుతుంది. హైపో, కడిగే నీళ్ళు కూడా అదే వేడిలో ఉండాలి, లేకపోతే జెలటిన్ పొర ముడతలు పడే ప్రమాదం ఉంది.

రెండోది తిప్పడం. మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు మెల్లగా తలకిందులు చేసి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అలాగే చెయ్యమని ఇల్‌ఫర్డ్ చెబుతుంది. ప్రతిసారీ ట్యాంకును అరచేత్తో తట్టాలి. తట్టకపోతే గాలి బుడగలు ఫిల్ముకు అతుక్కుని, బుడగ ఉన్నచోట డెవలపర్ అందక, నెగటివ్‌లో గుండ్రటి తేట మచ్చలు పడతాయి. మరీ ఎక్కువగా, మరీ గట్టిగా ఊపితే ఇంకో రోగం. ఫిల్ము అంచుల్లో ఉన్న రంధ్రాల గుండా డెవలపర్ జోరుగా దూకి, ప్రతి రంధ్రం పక్కన ఒక నల్లటి చార పడుతుంది.

మూడోది బ్రోమైడ్. ఇది నాకు చాలా ఆలోచన పెట్టింది. వెలుతురు బాగా పడిన చోట డెవలప్‌మెంట్ జోరుగా జరుగుతుంది. అలా జరిగేటప్పుడు బ్రోమైడ్ విడుదలవుతుంది. ఆ బ్రోమైడ్ డెవలపర్‌ను నెమ్మది చేస్తుంది. ట్యాంకును కదపకుండా వదిలేస్తే, ఆ బరువైన ద్రవం కిందికి జారి, పక్కనున్న చోట్ల మీదుగా పోతూ అక్కడి పనిని ఆపుతుంది. నెగటివ్ మీద ఆ జారిన దారి తేట చారలా మిగిలిపోతుంది. మళ్ళీ చెబుతాను. ఒకచోట బాగా జరిగిన డెవలప్‌మెంట్ నుంచి కారినదే పక్కచోట డెవలప్‌మెంట్‌ను ఆపుతుంది. పక్కచోటులో లోపం లేదు. దానికీ వెలుతురు పడింది. దానిలోనూ వెండి ఉంది.

మా ప్రాంతం గురించి "వెనకబడింది" అని రాస్తారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కొండకు అవతల శ్రీశైలంలో కృష్ణ నిలబడి ఉంటుంది. ఇవతల కనిగిరి, పొదిలి, మార్కాపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు పసుపెక్కాయి, ఎముకలు వంగాయి. ఆ కృష్ణ నీళ్ళను సొరంగాల్లో ఇటు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. అప్పుడు నేను బడిలో ఉన్నాను, ఇప్పుడు పాఠం చెబుతున్నాను. వెనకబడ్డం అనే మాటలో మేమే మెల్లగా నడిచినట్టు ఉంటుంది. చీకటి గదిలో పనిచేసినవాడికి ఆ మాట సరిపోదు. ఎవరి మీదుగా ఏం జారిందో చూడాలంటాడు వాడు. ఊరికీ పల్లెకూ మధ్య కూడా లెక్క అదే.

నాలుగోది మా నీళ్ళు. ఫ్లోరైడ్ ఫిల్మును ఏమీ చెయ్యదు, అది మనుషులనే తింటుంది. ఫిల్ముకు ఇబ్బంది సున్నపు ఉప్పులతో. ఆరినాక తెల్లటి చుక్కలు మిగులుతాయి. చాలామంది వాటిని చూసి డెవలప్‌మెంట్ మచ్చలనుకుంటారు. ఫిల్మును దీపం ముందు ఏటవాలుగా పట్టుకుని చూడండి. మచ్చ పైపొర మీద మెరిస్తే అది నీటి మరక, మళ్ళీ కడిగితే పోవచ్చు. లోపల ఉంటే పోదు. నేను మందు కలపడానికీ, చివరి కడుగుకూ ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళు వాడతాను.

ఐదోది, అన్నింటికంటే సాదాది, మందు సరిపోకపోవడం. చిన్నాయన డెవలపర్‌ను మందు అంటాడు. నాకూ ఆ మాటే అలవాటైంది. నా దగ్గరున్న ప్యాటర్సన్ ట్యాంకు అడుగున రాసి ఉంటుంది, ఒక 35 మిల్లీమీటర్ల రీలుకు 290 మిల్లీలీటర్లు. అంతకు తగ్గితే ఫిల్ము పై అంచు మందులో మునగదు. తలకిందులు చేసినప్పుడు మాత్రమే తడుస్తుంది. అప్పుడు రీలు పొడుగునా, మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా, ఒకే అంచు తేటగా ఉంటుంది.

ఇక రేకు డబ్బాలోని నెగటివ్‌ల దగ్గరికి వద్దాం.

మా చదువులో పాఠ పరిష్కరణ అని ఒకటుంది. ఒకే కావ్యానికి నాలుగు తాటాకు ప్రతులు దొరికితే, ఎక్కడెక్కడ లేఖకుడు అక్షరం వదిలేశాడో, ఎక్కడ ఆకు పురుగు తిన్నదో, ఎక్కడ ఇంకొకడు సొంతంగా కలిపాడో విడదీసి, అసలు పాఠం నిర్ణయించడం. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించింది అదే. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు జీవితమంతా చేసింది అదే. దాంట్లో మొదటి పాఠం ఏమిటంటే, పోయిన అక్షరాన్ని చూసి కవికి రాదు అనుకోకూడదు. ప్రతికి ఏం జరిగిందో ముందు చూడాలి. రాజుల మీద రాసిన పద్యంలో ఒక్క అక్షరం పోతే వందేళ్ళు వాదించారు పండితులు. మా పల్లెలో ఒక వరసకు వరస పోతే "నల్లటి మనుషులు కదా" అని ఒక నవ్వు బొమ్మ.

నేను ఆ నెగటివ్‌లను లైటు మీద పెట్టి అదే పద్ధతిలో చదివాను.

ముందు చెట్టు నీడ వాదం. 35 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ములో బొమ్మ 24 మిల్లీమీటర్లే. మిగతాది రెండు వైపులా రంధ్రాల అంచులు. ఆ అంచుల మీద కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రిస్తారు. మా చింతచెట్టు నీడ ఫ్యాక్టరీ దాకా పోదు. ఈ ముక్కల మీద ఒక అంచున ఓర్వో అనే పేరు నల్లగా, స్పష్టంగా ఉంది. ఆ రోజుల్లో తూర్పు జర్మనీ నుంచి మన దేశానికి బాగా వచ్చిన ఫిల్ము అది. రెండో అంచున నంబర్లు కనీ కనపడనట్టు ఉన్నాయి. అంటే వెలుతురు లోపం కాదు, కెమెరా లోపం కాదు, డెవలప్‌మెంట్ లోపం.

తర్వాత, ఇరవై నాలుగు ఫ్రేముల్లో ఇరవై మూడు అడ్డంగా తీసినవి, అన్నింట్లో కింది భాగమే పోయింది. ఒక్క ఫ్రేము మాత్రం కెమెరాను నిలువుగా తిప్పి తీసింది, దాంట్లో మాట్లాడుతున్న మనిషి ఎడమ పక్క పోయింది. లోపం మనుషులను బట్టి నడవలేదు, ఫిల్ము అంచును బట్టి నడిచింది. కూర్చున్నవాళ్ళు నల్లగా ఉన్నందుకు కాదు. వెనక నిలబడినవాళ్ళూ అంతే నలుపు, వాళ్ళ మొహాల్లో గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. నల్లటి మొహాన్ని ఫిల్ము పట్టుకోలేదన్నది నిజం కాదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దేన్నైనా మధ్యస్థ బూడిద రంగుగా లెక్కేస్తుంది. తెల్లటి గోడ ముందు, తెల్లటి పంచె కట్టుకున్న నల్లటి మనిషిని మీటరు చెప్పినట్టు తీస్తే మొహం పోతుంది. ఒకటిన్నర స్టాపు ఎక్కువ వెలుతురు ఇస్తే వస్తుంది. ఇది తెలిసి తీసినవాడు మా చిన్నాయన. స్టూడియో ఓనరు తీసిన మా పల్లెవాళ్ళ ఓటరు కార్డు ఫోటోల్లో కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు.

చారలు లేవు కాబట్టి బ్రోమైడ్ కాదు. గుండ్రటి మచ్చలు లేవు కాబట్టి బుడగలు కాదు. రంధ్రాల పక్క నల్లటి గీతలు లేవు కాబట్టి ఊపుడు కాదు. రీలు పొడుగునా ఒకే అంచు. మిగిలింది ఒక్కటే.

చిన్నాయన ముందు పెట్టి అడిగాను. ఆయన అద్దాలు సవరించుకుని చూశాడు.

"పై అంచు పస్తు రా," అన్నాడు. "మందు సాల్లేదు."

"ఎందుకు సాల్లేదు చిన్నాయనా?"

అప్పుడు చెప్పాడు. స్టూడియోలో సొంత రీలు కడుక్కోవడానికి ఓనరు ఒప్పుకున్నాడు, కానీ కొత్త మందు ముట్టకూడదు. పెళ్ళి రీళ్ళు కడిగాక సీసాలో మిగిలింది వాడుకోవాలి. ఆ రోజు మిగిలింది ట్యాంకుకు సరిపోలేదు. నీళ్ళు కలిపి పెంచొచ్చు, కానీ అది అప్పటికే ఎన్ని రీళ్ళు కడిగిన మందో, నీళ్ళు కలిపితే ఆ కాస్త జీవం కూడా పోయి మొత్తం రీలే రాదని ఆయన లెక్క. కాబట్టి ఉన్నంతలో పోసి, పై అంచు తడవడానికి మామూలు కంటే ఎక్కువసార్లు తిప్పాడు. ఆయన తిప్పినందుకే ఆ వరస పూర్తిగా పోకుండా ఆ మాత్రమన్నా ఉంది. ఎంగిలి మందుతో ఇంతకంటే బాగా కడగగలిగినవాడు నాకు తెలిసి ఎవరూ లేరు.

పై అంచులో పడింది ముందు వరస కావడం, రీలు ట్యాంకులో అలా ఎక్కడం వల్ల. తిరగేసి ఎక్కి ఉంటే పైన చింతకొమ్మలు పోయేవి, మనుషులందరూ మిగిలేవాళ్ళు. అది యాదృచ్ఛికం. ముందు వరసలో ఎవరు కూర్చున్నారన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. వెనక నిలబడిన పదిహేడు మందీ మగవాళ్ళు. బెంచీ మీద కూర్చున్న ఐదుగురూ మగవాళ్ళు. నేల మీద కూర్చున్న పదకొండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఓనరు మందు ఇవ్వకపోవడం ఓనరు కులం. ఆడవాళ్ళను నేల మీద కూర్చోబెట్టింది మాత్రం మనం. ఈ రెండో మాట కూడా చెప్పకపోతే నేను చేసింది సగం పరిష్కరణే అవుతుంది.

ఆ పదకొండు మందిలో ఎడమ నుంచి మూడో మనిషి మా జేజి. 1993లో పోయింది. ఆమెకు ఇంకో ఫోటో లేదు. రేషన్ కార్డు మీద కూడా తాత ఫోటోనే ఉండేది. ఈ నెగటివ్‌లో ఆమె నుదురు ఉంది, కొంగు మడత ఉంది, కళ్ళ దగ్గర నుంచి కిందికి తేట పడిపోయింది.

తిరిగి తెప్పించొచ్చా అని మీరు అడుగుతారు. డిజిటల్ కెమెరాతో నెగటివ్‌ను లైటు మీద పెట్టి రకరకాల ఎక్స్‌పోజర్లతో కాపీ తీశాను. ఉన్న కొద్దిపాటి వెండి ఎంత చెప్పగలదో అంత చెప్పించాను. ముగ్గురి మొహాలు పోల్చుకునేంత వచ్చాయి. జేజి కుడి చెయ్యి వచ్చింది, ఒళ్ళో పిల్లాడి తల మీద ఉంది. మొహం రాలేదు. రాదు కూడా. డెవలప్ కాని లవణమంతా హైపోలో కరిగిపోయింది, దాన్ని ఏ కంప్యూటరూ తీసుకురాలేదు. చిన్నాయన ఇంకో సంగతి చెప్పాడు. వాడిన హైపోలో వెండి ఉంటుంది కాబట్టి స్టూడియో ఓనరు దాన్ని పారబోసేవాడు కాదట. జాడీల్లో దాచి, వెండి తీసేవాళ్ళకు అమ్మేవాడట. అంటే మా జేజి మొహం కావాల్సిన వెండి కూడా ఆయనే అమ్ముకున్నాడు.

ఇది నేను అలంకారంగా రాయడం లేదు. కెమిస్ట్రీ అంతే.

కాబట్టి ఇప్పుడు మనం చెయ్యాల్సినది ఏమిటో చెబుతాను. ఫోటో చెప్పలేనిది మనుషులు చెప్పాలి. ఆ రోజు చింతచెట్టు కింద ఉన్న పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. ముందు వరస పదకొండు మందిలో ఏడుగురి పేర్లు దొరికాయి. కొంగు మడతను బట్టి, చేతికున్న కడియాన్ని బట్టి, ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళో బట్టి ముసలివాళ్ళు చెప్పారు. వాళ్ళ కుటుంబాలు ఒప్పుకున్నాకే పేర్లు రాస్తాను. నలుగురు ఇంకా మిగిలారు. గుర్తుపట్టగలిగినవాళ్ళలో చిన్నాయనే చిన్నవాడు, ఆయనకూ అరవై దాటాయి.

మీ ఇళ్ళల్లో నెగటివ్‌లు ఉంటే పారేయకండి. ప్రింటు చెదలు పట్టినా నెగటివ్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవకండి, జెలటిన్ మెత్తబడి గీతలు పడతాయి. రేకుల ఇంట్లో అటక మీద వేడిలో ఉంచకండి, కాగితపు కవర్లలో పెట్టి చల్లటి చోట ఉంచండి. కవరు మీద పేర్లు రాయండి, ముందు నేల మీద కూర్చున్నవాళ్ళ పేర్లు రాయండి, నిలబడినవాళ్ళవి తర్వాత. లోపం కనపడితే అంచు నంబర్లు చూడండి, ఏం జరిగిందో అవే చెబుతాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు ఎవరి దగ్గరున్నా నాకు మెసేజ్ చెయ్యండి, నేనే వచ్చి మీ కళ్ళ ముందే కాపీ తీసుకుని మీవి మీకు ఇచ్చిపోతాను.

కడగడం నేర్చుకుంటామని మా పల్లెల నుంచి ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఎనిమిది మంది ఆదివారాలు వస్తున్నారు. ఐదుగురు ఆడపిల్లలు. చిన్నాయన చెబుతాడు, నేను థర్మామీటరు పట్టుకుంటాను. ఆయన పెట్టిన రూలు ఒకటే. కొలగ్లాసులో 290 దగ్గర ఆపొద్దు, 300 పొయ్యండి అంటాడు. పై అంచుకు ఒక పది మిల్లీలీటర్లు ఎక్కువే ఉండాలట.

వచ్చే వారం ఆ ఏడుగురు ఆడవాళ్ళలో ఇద్దరి గురించి రాస్తాను. జై భీమ్.